నాలుగు వైపులా గోడ

ఇల్లు కొని మోసపోయినవాళ్లను మీరు చూసే ఉంటారు. సొంత తలుపు తానే మూయించుకుని, మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి మరీ ఎదురుగా గోడ కట్టించుకున్న మహానుభావుణ్ని మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే.

తెలంగాణ రాకముందు మాట. ఉప్పల్‌లో వంద గజాల్లో రెండు గదుల ఇల్లు మాది. దక్షిణాన గల్లీ, తూర్పున పార్కు. పార్కంటే కాలనీ నక్షాలో పార్కు. నేల మీద తుమ్మచెట్లు, బర్రెలు. నాలుగడుగులు వేస్తే కిరాణా కొట్టు, పిండిమర, బస్టాపు. గల్లీ తలుపు దగ్గరే నా భార్య సుగుణ కుట్టు మిషను పెట్టుకుంది. పిండిమరకు వచ్చే ఆడవాళ్లంతా అక్కడ ఆగి జాకెట్లు ఇచ్చిపోయేవారు. ఆ మిషనంటే ఆమెకు ప్రాణం.

అంతలో నాచారం ఫ్యాక్టరీలో నాకు రావలసిన ప్రమోషన్ రాలేదు. కారణం నా నోటి దురుసని అక్కడ అందరికీ తెలుసు. వాస్తు పంతులు మాత్రం దక్షిణం తలుపు అన్నాడు. నాకు ఆ కారణమే నచ్చింది.

"తలుపు తూర్పుకు పెడదాం," అన్నాను.

"నా గిరాకి గల్లీలకెళ్లే వస్తది బావా. మూస్తే ఎట్ల?"

"అటు తిరిగి వస్తరు తియ్."

"బర్రెలను దాటుకుంటనా?"

"నేను ఆఫీసరైనంక నీకు మిషనెందుకే?"

మేస్త్రీ పాత తలుపు పీకి ఇటుకలు పేర్చి, తూర్పున కొత్త తలుపు పెట్టాడు. మూడో రోజు దాంట్లోంచి ఒక బర్రె సరాసరి ఇంట్లోకి వచ్చి, కుట్టవలసిన జాకెట్ గుడ్డ నమిలేసింది.

నేనప్పుడు కాలనీ సంఘం సెక్రటరీని. కోపంతో ఊగిపోతూ దరఖాస్తు రాశాను: పార్కుకు నాలుగు వైపులా ప్రహరీ గోడ వెంటనే కట్టాలి!

దేశంలో ఏ దరఖాస్తూ అంత త్వరగా కదిలి ఉండదు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి నా తలుపుకు రెండడుగుల దూరంలో గోడ లేచి ఉంది.

"గిదేంది సార్?" అని మున్సిపాలిటీ ఇంజనీరు మీద లేచాను.

ఆయన నింపాదిగా కాగితం తీశాడు. "సెక్రటరీ గారూ, గీ సంతకం మీదే గదా? నాలుగు దిక్కుల అని మీరే రాసిన్రు."

"గేటన్న పెట్టొద్దా?"

"అసలు పార్కు దిక్కు తలుపు పెట్టుకోమని మీకెవరు చెప్పిన్రు?"

పంతులు పేరు చెబితే నవ్వుతాడని కాగితం మడిచి ఆయన చేతికే ఇచ్చేశాను.

గల్లీ నుంచి ఆ రెండడుగుల సందులో ఇంట్లోకి పీతల్లా అడ్డంగా నడిచి వెళ్లేవాళ్లం. "అక్కా, కడుపుతోటున్న, గా సందుల పట్టను," అని ఒకామె గల్లీలోంచే వెనక్కి మళ్లింది. నెల తిరిగేసరికి మిగతావాళ్లూ రావడం మానేశారు. సుగుణ మిషను మీద గుడ్డ కప్పేసింది. నా బదులు ప్రమోషన్ వచ్చినవాడు పిలిస్తే వాడి ఇంటికి భోజనానికి వెళ్లాను. వాడిదీ దక్షిణం తలుపే!

మర్నాడే ఇటుకలు పగలగొట్టించి పాత తలుపు పెట్టించాను. "మిషను తియ్యి సుగుణా," అన్నాను. తెల్లారి పొద్దున్నే ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ తలుపులోంచే బయటికి నడిచింది. నాచారంలో బట్టల కంపెనీలో పనికి కుదిరిందట; రోజంతా కాలర్లు కుట్టాలట. గడప దగ్గర ఆగి అంది:

"తలుపు మంచిగ పెట్టినవ్ బావా. బస్సుకు దగ్గరైంది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అందుకే ఇదిగో, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను: సుగుణ చెప్పనిదే ఈ ఇంట్లో కిటికీ రెక్క కూడా కదపను. కదిపినా, తూర్పున కనిపించేది నేను అడిగి కట్టించుకున్న గోడే.