వసారాలోకి పోయిన మంచం

గర్భసంచి తీసేశాక, శ్రీకాకుళం ఆస్పత్రి నుంచి నన్ను ఇంటికి తెచ్చేసరికి మా గదిలో ఒక్క మంచమే ఉంది. నా మొగుడి మంచం వసారాలోకి పోయింది. మార్పించింది మా అత్త.

"ఇంకేటి పని మీకు? సంచే పోయాక ఆడదానికి మొగుడితో ఏటుంటాది? నీ కూతురు రేపో మాపో పెద్దమనిషవుతాది. సిగ్గుండాల" అంది, నేనేమీ అడగకముందే.

కుట్లు మానేదాకా అదీ మంచిదేలే అనుకున్నాను. కుట్లు మానాయి. వంట మొదలెట్టాను, బిందెలెత్తడం మొదలెట్టాను. మంచం మాత్రం లోపలికి రాలేదు.

మాది శ్రీకూర్మం దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. నా మొగుడు నాకు మేనమామ కొడుకే. మాటలు తక్కువ మనిషి. కానీ నేను వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చుంటే వచ్చి నా వీపుకి వీపు ఆనించి కూర్చునేవాడు. ఒళ్లు వెచ్చబడితే మెడ కింద చెయ్యి పెట్టి చూసేవాడు. పొలం నుంచి వస్తూ జడ పట్టుకు లాగేవాడు. కాపురమంటే నాకు అవే. ఆపరేషన్ తర్వాత అన్నీ ఆగిపోయాయి. పళ్లెం అందిస్తే వేళ్లు తగలకుండా అందుకునేవాడు.

ఒకరోజు పొద్దున్న పాలు తియ్యడానికి పశువుల శాలకి వెళ్లాను. అతను దూడ మెడ నిమురుతూ దాంతో ముద్దుముద్దుగా కబుర్లు చెబుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. చేతిలో చెంబు నేలకేసి కొట్టాను.

"ఆ దూడపాటి సెయ్యనేటి బావా నాను?"

బిత్తరపోయాడు. "ఏటయినాది నీకు?"

"నాకేటీ అవలేదు. నీకేటయినాది? నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయినాది?"

"నెమ్మదిగా మాటాడు. అమ్మ ఇంటాది."

"ఇననీ."

తల దించుకున్నాడు. "లోపల కుట్లు తెగిపోతాయట. అమ్మ సెప్పింది. నీకేటన్నా అయిపోతాదని బయ్యం."

"సెయ్యి పట్టుకుంటే తెగిపోతాయేటి? వీపు ఆనించి కూకుంటే తెగిపోతాయేటి?"

ఆ వారంలోనే అతన్ని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి నేనే అడిగాను. ఆవిడ నన్ను పరీక్ష చేసి, అంతా మానిపోయింది, మునుపటిలాగే ఉండొచ్చు అంది. ఆవిడ మీద కూడా కోపమొచ్చింది నాకు. ఇంటికి పంపేటప్పుడు బరువులెత్తొద్దన్నారు, మెట్లెక్కొద్దన్నారు, మొగుడి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"మరి మాకెందుకు సెప్పలేదమ్మా?" అన్నాను.

"మీరు అడగలేదు కదా" అంది.

ఇంటికి రాగానే మంచం ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టమన్నాను అతన్ని. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సిగ్గు లేదేటే నీకు?"

"లేదత్తా. తప్పుకో."

అతను మంచం పట్టు వదల్లేదు. చివరికి అత్తే పక్కకి జరిగింది. ఆ తర్వాత చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

మంచం దింపాక అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపొచ్చింది, అదీ కోపంతోనే. ఒక చెయ్యి కోసం ఇంటిల్లిపాదితో దెబ్బలాడాలా?

మర్నాడు వంటింట్లో మా పెద్ద తోటికోడలు వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా అంది. "మా సిన్నోడు పుట్టాక పిల్లల ఆపరేషన్ సేయించుకున్నాను సూడు, అప్పుడే మా మంచాలు ఏరయిపోయినాయి. ఆడిప్పుడు కాలేజీకెల్తన్నాడు."

"నువ్వేటీ అనలేదా అక్కా?"

"ఏటంటాను? ఇలగ అడగొచ్చని నాకు తెల్దు."

అరుగు మీంచి ఆవిడ మొగుడు టీ అని కేకేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుని గ్లాసు తీసుకెళ్లి పక్కన పెట్టింది. ఆయన ఫోన్లోంచి తలైనా తిప్పలేదు. ఆవిడ తిరిగొచ్చి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. నేను ఆ మనిషి మీద పళ్లు నూరుతూ పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.