కోడలి దోమలు నన్ను కాదన్నాయి

నేను భుజాన పంపు మోసి ఊరి కాలువలన్నిటికీ మందు కొట్టినవాణ్ణి. నేను తిరిగిన వీధిలో దోమ మళ్లీ కనపడాలంటే వారం పట్టేది. చదివింది ఐదో తరగతే అయినా గుంపుకు మేస్త్రీనయ్యాను. అలాంటి నా ఇంటికి దోమలు పెంచే పిల్ల కోడలిగా వచ్చింది.

ఆమె దర్జీ కూతురు. దోమల పరిశోధనశాలకు వలగుడ్డతో పంజరాలు కుట్టివ్వడానికి వెళ్లి, లోపల జరిగేది చూసి, పట్టుబట్టి చదువుకుని అక్కడే పరిశోధకురాలైంది. పంజరాలు మాత్రం ఇప్పటికీ తనే కుడుతుంది. ఇంకొకరి కుట్టు ఆమెకు నచ్చి చావదు.

దోమపిల్లకు రెక్కలు రాకుండా నీళ్లలోనే ఆపేసే మందు ఒకటుంది. మా కోడలు దాన్ని దోమపిల్లలు చావనంత కొంచెంగా ఆ నీళ్లలో కలిపింది. చంపని మందు మందేమిటని ఎకసెక్కాలాడాను. అలా బతికి పెరిగిన దోమ మనిషి మీద వాలే తీరు మారుతుందేమో చూడాలట. తేడా కనబడకపోతే పని అంతటితో ఆపమని పరిశోధనశాల పెద్దసారు తేల్చి చెప్పాడు. ఆమెకు అన్నం సయించడం లేదు.

అది తేలాలంటే ఎవరైనా పంజరాల్లో చెయ్యి పెట్టాలి. పెట్టేవారికి మందు తాకిన దోమలు ఏ పంజరంలో ఉన్నాయో తెలియకూడదు. ఆమెకు తెలుసు కాబట్టి తను పెట్టకూడదు.

"మామయ్యా, దోమలు మిమ్మల్నే ఏరికోరి కుడతాయంటారుగా. ఓసారి చెయ్యిస్తారా? రోగాలంటించే దోమలు కావులెండి" అంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు పూసుకుని వెళ్లాను. ఆ వాసనకే గుమ్మంలోంచి వెనక్కి పంపి మర్నాడు రమ్మంది.

మర్నాడు మొదటి పంజరంలో చెయ్యి పెట్టగానే ఆడదోమలు ఎగబడ్డాయి. గర్వంగా చూశాను. రెండోదాంట్లో ఏవో రెండు మూడు వాలాయి. మిగతావి వలను పట్టుకుని కూర్చున్నాయి. చెయ్యి మార్చినా అంతే. నాకు తల కొట్టేసినట్లయింది.

"నా రక్తం పలచబడిందా అమ్మాయ్?"

లెక్క ముగించాకే ఆమె తలెత్తింది. "మీ రక్తానికేం, దివ్యంగా ఉంది. మందు తాకిన పంజరం అదే మామయ్యా. బతికే ఉన్నాయి, మీ జోలికి మాత్రం రావడం లేదు."

పెద్దసారు ఒక్క మనిషిని చూసి నమ్మలేమన్నాడు. ఇంకో పదిమందితో చూడండి, పని సాగనివ్వండి అన్నాడు. ఆ పూట మా కోడలు రెండోసారి అన్నం పెట్టించుకుంది.

పదిమందిని తేవడం నాకెంత పని? తర్వాతి వారం మా పాత పంపు గుంపంతా చొక్కా చేతులు మడిచి వరండాలో బారులు తీరింది. దోమలకు ఎవరంటే ఎక్కువ ఇష్టమో అప్పుడే వాదులాట మొదలైంది. సెంటు పూసుకొచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర నేనే వెనక్కి పంపాను.