మా అత్త తిన్న పీతలు

పీతల పులుసు వాసన తగిలితే నాకు ఈరోజుకీ ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత కళ్లు చెమ్మగిల్లుతాయి. రెండూ మా అత్త పుణ్యమే.

నేను పుట్టింది విజయనగరంలో. నన్నిచ్చింది భోగాపురం అవతల, సముద్రపు గాలి తగిలే ఊళ్లో, వరీ జీడిమామిడీ పండించుకునే ఇంటికి. పెళ్లయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచి అయిదో నెల వచ్చేసరికి ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడటానికి కూడా భయపడేవారు, నేను తప్ప. నా నోటికి తాళం వేయడం మా అమ్మ వల్లే కాలేదు.

అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని విజయనగరంలో డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ పాత సంగతులన్నీ విని రక్తానికీ మూత్రానికీ బోలెడు పరీక్షలు రాశారు. అన్నీ బాగానే వచ్చాయి. ఒక్క ఆర్సెనిక్ మాత్రం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుంది. ల్యాబులో కాగితం ఇచ్చినాయన ఊరుకోవచ్చు కదా! "పాషాణం అంటారే, అదేనమ్మా. నూతుల్లో, బోర్లలో ఉంటుంది" అని అడక్కుండానే చెప్పేశాడు. పక్కనే ఉన్న మా అత్త మొహంలో నెత్తుటి చుక్క లేదు. మా ఇంటి వెనక నూతినీళ్లు రోజూ నాకు తోడి ఇచ్చింది ఆవిడే.

డాక్టరమ్మ రిపోర్టు చూసి అడిగిన మొదటి మాట, "పరీక్షకి ముందు ఏం తిన్నావు?"

"పీతలు, రొయ్యలు. మా ఊళ్లో చవగ్గా దొరికేవి అవే కదండీ" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "పేరు ఒకటే గానీ రూపాలు వేరమ్మా. రాళ్లలోంచి నీళ్లలోకి దిగే ఆర్సెనిక్ చెడ్డది. ఏళ్లతరబడి తాగితే చర్మం, నరాలు పాడవుతాయి, కడుపులో బిడ్డకీ ప్రమాదమే. పీతల్లో, రొయ్యల్లో ఎక్కువగా ఉండేది వేరే రూపం. అది హాని చెయ్యకుండా మూత్రంలో అలాగే బయటికి పోతుంది. ఈ పరీక్ష రెండింటినీ కలిపేసి చూపించింది" అన్నారు. పాదరసం సంగతి మాత్రం దీనికి ఎదురట. చేప ఒంట్లో చేరిన పాదరసమే బిడ్డ మెదడుకి చేటు, కాబట్టి సొరలాంటి పెద్ద చేపల జోలికి పోవద్దన్నారు. వారం రోజులు సముద్రపు తిండి ముట్టుకోకుండా మళ్లీ మూత్రం ఇమ్మన్నారు. ఈసారి రూపాలు విడదీసి చూస్తారట. అందాకా నూతినీళ్లు కూడా మానేయమన్నారు.

మా ఆయన నాకోసం నీళ్ల క్యాన్లు తెచ్చిపెట్టాడు. నాకు పప్పు, వంకాయ, మళ్లీ పప్పు. ఆ వారంలోనే మా అత్తకి ఎన్నడూ లేని పీతల పిచ్చి పట్టింది. పొద్దున్నే రేవుకెళ్లి తెచ్చుకోవడం, వండుకోవడం, నా ఎదురుగానే కూర్చుని డెక్కలు కొరుక్కోవడం. పైగా చెంబుతో నూతినీళ్లు గటగటా తాగడం. ఎవరికీ ఒక్క ముక్క పెట్టదు, మా ఆయనకి కూడా. నాకు నోరూరి ప్రాణం పోతోంది.

"ఏంటత్తా, కడుపుతో ఉన్నదాని కళ్లముందే తినకపోతే అరగదా?" అని ఒకరోజు అడిగేశాను.

"నోర్మూసుకుని పప్పు తినే" అంది. అంతే. నేను అలిగి కంచం వదిలేసి లేచిపోయాను. ఆవిడ మాత్రం తినడం ఆపలేదు.

వారం తర్వాత ల్యాబుకెళ్లి నా సీసా ఇచ్చాను. మా అత్త కొంగుచాటు నుంచి ఇంకో సీసా తీసి బల్లమీద పెట్టింది.

"ఇది నాది. దీన్నీ సూడండి" అంది.

నేను తెల్లబోయాను. "నీకేమైందత్తా?"

"నాకేటవుతాది! పీతలూ తిన్నాను, నూతినీళ్లూ తాగినాను. ఇసం దేంట్లో ఉన్నా నా ఒంట్లో దొరుకుతాది. పీతల్లోది మంచిదని డాక్టరమ్మ సెప్పింది. ఏమో, ఎవుళు సూసొచ్చారు? తగిలితే ముందు నాకే తగలాల. నీకు పెట్టాక తెలిస్తే ఏటి సెయ్యాల?"

పీతలంటే ఆవిడకి అసలు ఇష్టమే లేదని ఆరోజు మాకు తోడొచ్చిన మా ఆయన తిరుగు బస్సులో చెబితే తెలిసింది. విషమేమో అనుకుంటూనే వారం రోజులు ఇష్టంలేని కూర తిన్న మనిషి మీద నేను అలిగానా! దారి పొడుగునా నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఫలితాలు వచ్చాక ముగ్గురం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. నాది మామూలుగా ఉంది. అత్తది బాగా ఎక్కువుంది, కానీ ఆ ఎక్కువంతా సముద్రపు రూపమే. నీళ్లలోంచి వచ్చే చెడ్డ రూపం ఇద్దరిలోనూ భయపడేంత లేదు. విడిగా పంపిన నూతినీళ్లు కూడా మంచివేనని తేలింది. నా తిమ్మిర్లకి మాత్రలు రాశారు, అవి వాడితే తగ్గిపోయాయి.

నేను ఊపిరి పీల్చుకున్నాను. మా అత్త మాత్రం కదల్లేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ చాలా చిన్న గొంతుతో డాక్టరమ్మని అడిగింది.

"అయితే అమ్మా, ముందు పోయిన ఆ రెండు కడుపులూ... నా సేతి నీళ్ల వల్ల కాదు గదా?"

అన్నాళ్లూ ఆవిడ గుండెల్లో పెట్టుకున్నది అదన్నమాట. డాక్టరమ్మ నోరు తెరిచేలోపే నేనే అన్నాను, "కాదత్తా. కానే కాదు." ఆ తర్వాత ఇద్దరం అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాం.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. అన్నప్రాశన రోజు పంతులుగారు తల్లిని పిలిస్తే నేను లేవలేదు. ఆ నూతినీళ్లతో వండిన పరమాన్నం మొదటి ముద్ద మా అత్త చేత్తోనే పెట్టించాను.