సూదితో గీసిన తోడేలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో డ్రాయింగు మాస్టరును. గొర్రెల దొడ్డికి కంచె వేసుకొమ్మని చెప్పే చిన్న సినిమా కోసం ప్రభుత్వ ప్రచార శాఖవారు పులివెందుల గొర్రెలకాపరి ఓబన్న మందను చిత్రీకరించారు. తోడేలు మాత్రం దొరకలేదు. ఆ ఫిలిం మీదే ఒక్కొక్క ఫ్రేములో సూదితో గీకి, మందలోకి దూకే తోడేలును నేను తయారుచేశాను.

"జనం నవ్వితే దీన్ని ఇంకెక్కడా వేయను" అన్నారు ప్రచార అధికారి.

పులివెందుల మైదానంలో తొలి ప్రదర్శన. తెల్లగీతల తోడేలు తెర మీదికి రాగానే ఎవరో కిసుక్కుమన్నారు. నేను అధికారి వైపు చూశాను. అంతలో అది గొర్రెపిల్ల మీదికి ఉరికింది. ఓబన్న కర్ర ఎత్తి "హోయ్!" అని అదిలించాడు. మైదానమంతా అతనితో కలిసి కేకలు వేసింది.

"బొమ్మని తెలీదా మామా, కర్రెత్తుతాండావు?" అన్నాడు పక్కవాడు.

"తోడేలు బొమ్మేలేప్పా. గొర్రెలు నావి గదా!"

మర్నాడే జమ్మలమడుగులో వేద్దామన్నారు అధికారి. ఓబన్న మాటను ఉన్నదున్నట్టు డైరీలో రాసుకున్నాను. తర్వాత ఎన్ని శాలువాలు కప్పినా అంతటి మెప్పు మళ్ళీ దొరకలేదు.