బోర్లా పెట్టిన ఫైలు

మా వంశంలో బేరం రానివాడు లేడు. అయినా నేను చేసినంత బేరం మా నాన్న కూడా చేయలేదని ఎక్కడైనా నిలబడి చెప్పగలను. ఎందుకూ పనికిరాని రెండు గోనెసంచుల పాత కాగితాలిచ్చి అయిదు అరల ఇనుప ర్యాకు కొట్టేశాను. అదీ ఎవరి దగ్గర? జూలూరుపాడులో కిరాణా కొట్టు నడిపే మా నాన్న దగ్గర. కన్నకొడుక్కి శొంఠికొమ్ము ఇచ్చినా తూచి ఇచ్చే మనిషి దగ్గర. నిన్న పాల్వంచ బజార్లో ఇంగువ కొంటే, ప్లాస్టిక్ కవర్లు మానేశామంటూ కొట్టతను కాగితంలో పొట్లం కట్టాడు. దారం మూడు చుట్లు తిప్పి టక్కున తెంపాడు. ఇంగువ ఘాటు కాగితంలోంచి నా చేతికి అంటుకుంది. నా గొప్ప బేరం గుర్తొచ్చింది. దాని వెనకే హవల్దార్ రాములు గారు గుర్తొచ్చారు.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. సైన్యపు ఆసుపత్రుల్లో ఇరవై ఏళ్లకు పైగా రోగులకు సేవ చేసి రిటైరయ్యారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, పాల్వంచలో మాజీ సిపాయిల కోసం నడిచిన ఒక చిన్న దవాఖానాలో రికార్డుల గది ఆయనది. నేను ఆయన కింద గుమస్తాను. మణుగూరు నుంచీ, భద్రాచలం వైపు అడవి ఊళ్ల నుంచీ సిపాయిలు వచ్చేవారు. ఒక్కొక్కరి వెనక ఒక ఫైలు: ఎక్కడ గాయపడ్డాడు, ఏ జబ్బుకి ఎన్నాళ్లు మందు మింగాడు, డాక్టరుతో తప్ప ఇంకెవరితోనూ అనలేనిది ఏం చెప్పుకున్నాడు. రాములు గారు ఏ ఫైలునూ బల్ల మీద వెల్లకిలా పెట్టనిచ్చేవారు కాదు. డాక్టరు గదికి బోర్లాగానే వెళ్లాలి, బోర్లాగానే తిరిగి రావాలి. ప్రతి కాగితం కుడి మూల ఎర్ర పెన్సిలుతో వరుస నంబరు వేసి సున్నా చుట్టేవారు. వెతుక్కునేవాడు ఆ మూల చూస్తే చాలు, రాత మీదికి చూపు పోనక్కర్లేదు. బజార్లో పేషెంటు ఎదురైనా తాను ముందుగా పలకరించేవారు కాదు. ఎంత పొగరో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నేను నమస్తే పెడితే, పక్కోడు 'ఈ దవాఖానా సారు నీకెట్ల ఎరుక?' అని అడుగుతడు. ఆ మనిషి ఏం చెప్పుకుంటడు? ఆయన పెడితే నేను పెడ్త," అన్నారు.

నాతోపాటే చేరిన ఇంకో గుమస్తా సరోజ. అడవి పక్క ఊరి పిల్ల. వాళ్ల ఇంట్లో చింతపండూ ఇప్పపువ్వూ సంతకు తెచ్చి, ఎదుటివాడు అన్న మొదటి ధరకే ఇచ్చేసి వెళ్లిపోయే రకం. మేం చేరిన వారంలోనే రాములు గారు ఇద్దరినీ పిలిచి, "నిన్న ఎవరెవరొచ్చిండ్రు?" అని అడిగారు. ఏ ఇంట్లో నెలకెంత నూనె ఖర్చవుతుందో నోటికి చెప్పే కొంపలో పుట్టినవాణ్ని. పదకొండు మంది పేర్లు, ఊళ్లు, జబ్బులు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. సరోజ నేల చూపులు చూస్తూ "యాది లేదు సాబ్," అంది. నాకు నవ్వాగలేదు. ఆయన గదులవీ బీరువాలవీ తాళంచెవుల గుత్తి తీసి సరోజ చేతిలో పెట్టారు. నాకు టోకెన్ల డబ్బా ఇచ్చారు.

"ఉల్టా ఇచ్చినట్టున్నరు సాబ్," అన్నాను.

"సరిగ్గనే ఇచ్చిన సేటూ," అన్నారు.

ఆ గుత్తిని సరోజ నల్లతాడుకి కట్టుకుని నడుముకి దోపుకునేది. నడిస్తే చప్పుడు రానిచ్చేది కాదు. అయినా నాకు రోజంతా అదే వినిపించేది. ఆయన సరోజను "బిడ్డా" అంటే ఒక మంట, నన్ను "సేటూ" అంటే రెండు మంటలు. ఆమె టీలో చక్కెర ఎక్కువ పడిందని కూడా కుళ్లుకున్నాను. చదువు నాకే ఎక్కువ, లెక్క నాకే వేగం, నోరైతే చెప్పనే అక్కర్లేదు. నాలో తక్కువేమిటో నాకు నిజంగా అర్థం కాలేదు.

ఆ వానాకాలం వెనక గది కురిసింది. తడిసిన కాగితాలకు నకళ్లు రాయించి, ఆ పాతవి రెండు సంచులకెత్తి, పొడి రోజు చూసి తన కళ్లముందే కాల్పిస్తానని రాములు గారు ఆ గదికి తాళం వేయించి వారం సెలవు మీద ఊరెళ్లారు. కాగితం కాల్చడమా! మా ఇంట్లో శుభలేఖ వెనకవైపు కూడా వదలరు, సరుకుల చీటీ రాస్తారు. సరోజ దగ్గరికెళ్లి, "సాబ్ ఫోన్ చేసిండు. సంచులు ఎండకు పెట్టాల్నంట, తాళం ఇయ్యి," అన్నాను. మారు మాట లేకుండా ఇచ్చింది. ఆ నమ్మకం కూడా నాకు తెలివితక్కువగానే కనిపించింది. సంచులు బస్సెక్కాయి, తాళం సరోజ చేతికి తిరిగెళ్లింది, ర్యాకు ఆటోలో దవాఖానాకి దిగింది. సాబ్ తిరిగొచ్చి ర్యాకు చూసి, తాళాలు చేరాల్సిన చోటికి చేరుస్తారని నా అంచనా.

ఆయన తిరిగొచ్చిన పొద్దున ర్యాకు వంక చూసేలోపే మా పేషెంటు కొమురయ్య వచ్చాడు. అది అతని పేరు కాదు. అసలు పేరు చెప్పను. మడతలు పడి, బెల్లం మరకలంటిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. రాములు గారు మూల చూసి, వెంటనే దాన్ని బోర్లా తిప్పారు.

"పత్తి మిల్లు గేటు కాడ డ్యూటీ చేస్త గద సాబ్. మా సూపర్వైజర్ జూలూరుపాడుల బెల్లం కొన్నడు. పొట్లం ఇప్పి, అందరి ముంగట నా పేరుతోని సదివిండు. తుపాకి గుంజుకున్నరు. రేపటి సంది రావద్దన్నరు." బోర్లా ఉన్న కాగితం మీద అరచెయ్యి ఆనించి అన్నాడు: "నా పెండ్లానికి గూడ చెప్పలే సాబ్ ఇది. మీ కాడ ఉన్నది గదా అని నిమ్మలంగ ఉన్న."

ఆ కాగితంలో ఏముందో మీకూ చెప్పను.

"ఆ గది తాళం ఎవరి కాడ ఉండె?" అన్నారు రాములు గారు.

"నా కాడనే సాబ్," అంది సరోజ.

"ఇంకెవరికన్న ఇచ్చినవా బిడ్డా?"

"నా కాడనే ఉండె."

నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన చేయి చాపితే తాళాలిచ్చి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఆయన గుత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇగ నువ్వే ఉంచుకో," అన్నారు. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుళ్లే. నా పేరు చెప్పి ఉంటే ఆమె కూడా నాలాంటిదే అయ్యేది. ఆ సుఖం కూడా నాకు దక్కనివ్వలేదు.

రెండు రోజులు ఆ గుత్తి జేబులో వేసుకుని తిరిగాను. మూడో పొద్దున చెప్పాను: "సాబ్, నేనే. అబద్ధం చెప్పి తాళం తీసుకున్న. సంచులు మా నాయిన కొట్టుకిచ్చిన."

ఆయన ఒకసారి ర్యాకు వంక చూశారు. "మీ నాయిన ఇంకా అమ్ముతుండా?"

"అవ్ సాబ్."

"మరి నిలబడ్డవేంది? బస్సు పోతది."

ఇద్దరం వెళ్లాం. కొట్లో మిగిలిన సంచీన్నర తిరిగివ్వడానికి మా నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఇచ్చిన సరుకు వాపసు అడుగుడు మా కాడ లేదు సార్," అన్నాడు. ర్యాకు నా ఖర్చుతో తిరిగి తెస్తానన్నాక కదిలాడు. పొట్లాలుగా పోయినవాటి కోసం ఇల్లిల్లూ తిరిగాం. అమ్మడమే తప్ప అడగడం తెలియని వంశంలో, అరుగు కింద నిలబడి చిత్తు కాగితం అడుక్కున్న మొదటివాణ్ని నేనే. ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"పోయినేడు పప్పుల రాళ్లు కలిపె మీ అయ్య. ఇప్పుడు పొట్లం కాయిదం గూడ గుంజుకపోతవారా?" అని, ఉప్పు జాడీ మీద కప్పిన కాగితం తెచ్చి రాములు గారికిచ్చింది. "ఏముంది సారూ దీంట్ల, బంగారమా?"

"తెల్వదమ్మా. నాది కాదు. నేను సదువలే," అన్నారాయన, ఎర్ర సున్నా చూసి బోర్లా మడుస్తూ.

అవ్వ ఆయన్నే ఒక క్షణం చూసి, ఏమనుకుందో, చెప్పులేసుకుని మాకంటే ముందు పక్కింటికి నడిచింది. ఆ వాడలో మిగిలిన కాగితాలన్నీ ఆమే అడిగి ఇప్పించింది. నన్ను మాత్రం బయటే నిలబెట్టింది.

తాళాలు ఇవ్వడానికి సరోజ ఇంటికి ఆయనే వెళ్లారు. వెనక నేనూ వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. "చాయ్ తాగుతవా?" అంది. ఇంకేమీ అనలేదు. ఇన్నేళ్లలో ఎవరితోనూ అన్నట్టు వినలేదు. ఆ మౌనం మీద నాకు ఇప్పటికీ అసూయే. ఇదిగో, ఇంతమంది ముందు మళ్లీ నేనే విప్పుతున్నాను.

ఇంగువ పొట్లం ఇంటికి తెచ్చి విప్పాను. ఎప్పుడూ చేసేట్టే ముందు కుడి మూల చూశాను. ఎర్ర సున్నా లేదు. ఎవరో పిల్లల పరీక్ష పేపరు. అయినా బోర్లా మడిచి పెట్టాను.

ఆ బేరం అసలు బిల్లు ఇది. మిల్లు వాళ్లు కొమురయ్యను మళ్లీ తీసుకోలేదు. రాములు గారు రెండుసార్లు వెళ్లి అడిగినా తీసుకోలేదు. పైవాళ్లకు పంపిన రిపోర్టులో "బాధ్యత నాది" అని రాసి, నా పేరు రాయలేదు. "రాసుకుంటే నువ్వే రాసుకో," అన్నారు. నేను రాయలేదు. మావి ఏడాది కాంట్రాక్టు ఉద్యోగాలు. మరుసటేడు ఆయన్ని కొనసాగించలేదు, నన్ను కొనసాగించారు. సంచుల్లోంచి పోయిన కాగితాల్లో అన్నీ దొరికాయి, మూడు తప్ప. సంచిలోంచి వరుసగా కాగితాలు తీసి వాడే మా నాన్నను అడిగి రోజులు సరిచూసుకున్నాను. ఆ మూడూ పోయింది నేను తాళం జేబులో వేసుకుని తిరిగిన రెండు రోజుల్లోనే.