తాకా అంటే తాకాలె

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా బావ కుడిచేతి గ్లవ్ తీసి బట్టను పట్టుకున్నాడు. బావ అంటే మా అక్క భర్త. సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊళ్లోని పెద్ద మిల్లులో అప్పటికి ఇరవై ఆరేళ్లుగా ఆయన పని అదే. మగ్గం నుంచి దిగిన మొదటి చుట్టను రెండు వేళ్ల మధ్య పట్టి, కళ్లు మూసుకుని, మంచిదో కాదో చెప్పేవాడు. సూరత్‌లో బట్ట చుట్టను తాకా అంటారు. సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో సేఠ్ "తాకా దేఖో" అంటే, హిందీ సరిగా రాని బావ తాకి చూడమన్నాడనుకున్నాడట.

"తాకా అంటే తాకాలె. తప్పేమున్నది?" అని నవ్వేవాడు.

ఆ రోజు మాత్రం తప్పే. చీరల బట్ట అమ్ముడుపోక ఏడు షెడ్లలో నాలుగింటికి తాళాలు పడ్డాయి. కొత్త మేనేజర్ చీరలు మానేసి ఆపరేషన్ గౌన్ల బట్ట నేద్దామన్నాడు. కొనేవాళ్ల తరఫున ఒకామె నమూనా చూడడానికి వచ్చింది. అది నచ్చకపోతే మిగిలిన మూడు షెడ్లూ మూతే. నేను అక్కడే ఇంజనీరును. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దని బావకు ముందే రెండుసార్లు చెప్పాను.

"అరే కాకా, యే క్యా కియా!" అన్నాడు మేనేజర్.

బావ నావైపు తిరిగాడు. "అంచు దగ్గర పేక దారం వదులున్నది."

"మిషన్‌లో పాసయింది బావా."

"మిషన్ నడుమ ముక్క జూసింది. జర అంచు జూడు బామ్మర్దీ. గిది నీ బుక్కులల్ల ఉండదు."

నేను ఆ మాట హిందీలో చెబితే, చూడడానికి వచ్చినామె అంచు మీద నీళ్ల చుక్కలు వేయించింది. నీళ్లు దిగకూడని ఆ బట్టలోంచి అవి కిందికి దిగాయి. బావ ముట్టుకున్న తాకాను పక్కన పెట్టించి, ఇంకొకటి నేయడానికి వారం గడువిచ్చింది. మగ్గం సరిచేశాం. రెండోది నెగ్గింది. ఏడాదిన్నరలో అన్ని షెడ్ల తాళాలూ తీశారు.

మేనేజర్ అందరి ముందు బావకు దండం పెట్టాడు. ఆ వారమే తలుపు మీద మూడు భాషల్లో బోర్డు పెట్టించాడు. రెండూ చేయవలసిన పనులే. తెలుగు వాక్యం రాసింది నేను: ఒట్టి చేతులతో బట్టను ముట్టుకోరాదు.

బావ నిలబడి మొత్తం చదివాడు. "ఎవరికోసం రాసినవ్‌రా గిది?"

"అందరికీ బావా."

"గీ షెడ్డుల తెలుగు సదివెటోళ్లం మనిద్దరమే గదా!" అన్నాడు. నవ్వాడు కూడా.

గ్లవ్ వేసుకుంటే చెవుడు వచ్చినట్టుందని, నెల తిరగకముందే తనను ప్యాకింగ్‌కు మార్చమని అడిగాడు. మూడేళ్లు అట్టపెట్టెలు కట్టాడు. పోయిన శ్రావణంలో చనిపోయాడు.

మిల్లు బాగుంది. నా ఇల్లు గడిచేదీ దాని మీదే. మొదటి తాకా ఇప్పటికీ ఏడు ఇరవైకే దిగుతుంది. దాన్ని ఎవరూ చేత్తో పట్టి చూడరు.