ఓబులేశప్ప చూడని తీగ

తీగ అతుకు మీద తొడిగే నల్ల రబ్బరు గొట్టానికి లైటరు మంట చూపిస్తే, అది ముడుచుకొని తీగను గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఒక వాసన వస్తుంది. కాలిన వాసన కాదది, కాలబోయే ముందు వచ్చే వాసన. పోయిన నెల హిందూపురంలో కార్ల సామాన్లు అమ్మే ఒక అంగడి ముందు నిలబడి ఆ వాసన పీల్చాను. నా కారుకు వెనకవైపు కెమెరా నేనే బిగించుకుంటున్నాను. తీగ పొడుగు చాలక, మరో ముక్క కొందామని వెళ్ళాను. అంగడిలోని మెకానిక్కుకు ముప్పై ఏళ్ళుంటాయి. నేను ఇంట్లో వేసిన అతుకును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చూసేకి బాగుండాది సార్. గానీ ఇది ఓబులేశు ముడి గదా" అన్నాడు.

"అంటే?"

"పైకి నున్నగుంటాది, లోపల నమ్మకం ఉండదు. మా మేస్త్రీ అట్లే అంటుండె. ఓబులేశు ముడి వేసినావు, తీసి మళ్ళా వెయ్యి అని తిడతాండె."

"ఓబులేశు ఎవరో తెలుసా?"

"మనిషా సార్?" అన్నాడతను నిజంగానే ఆశ్చర్యపోతూ. "నేను ముడికి పేరనుకుంటి."

తీగ ముక్క తీసుకొని వచ్చి కారులో కూర్చున్నాను. ఓబులేశప్ప మనిషే. పెనుకొండలో ఉండేవాడు. నా ఎరుకలో ఆయనకన్నా గట్టిగా అతుకు వేసినవాడు లేడు. ఆయన పేరు చెత్త పనికి మారుపేరయిందంటే, అది నా వల్ల. ఈ మాట ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆయనను చూడనివాళ్ళ కోసం మొదటినుంచీ రాస్తాను.

అప్పుడు నేను పెనుకొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. హిందూపురం నుంచి రోజూ పాత కారులో వెళ్ళి వచ్చేవాణ్ణి. దానికి రేడియో లేదు. ఒక ఆదివారం రేడియో సెట్టు తెచ్చి, కాగితం మీద ఉన్న బొమ్మ చూసి నేనే బిగించాను. పాట వచ్చింది. బ్రేకు తొక్కితే ఆగిపోయేది. కాలు తీస్తే మళ్ళీ వచ్చేది. కార్యాలయం వెనక సందులో కారు నిలిపి, లోపల తల దూర్చి తంటాలు పడుతుంటే, ఎదురింటి అరుగు మీద నుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"ఏమప్పా, బ్రేకు తొక్కితే పాట నిలిచిపోతాండాదా?"

"అవునండీ."

"ఎర్త్ యాడ కట్టినావు?"

చూపించాను. బ్రేకు దీపాల ఎర్త్ ఉన్న స్క్రూకే నా రేడియో తీగ కూడా బిగించాను. ఆయన లేచి వచ్చి, వంగి చూసి, నవ్వాడు.

"రంగు మీద కట్టినావు. రంగులో కరెంటు పారుతుందా? గీకు. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకు. దీపాలకు దాని దోవ దానికియ్యి, నీ పాటకు ఇంకో దోవ చూడు."

స్క్రూడ్రైవరు ఆయన చేతికి ఇవ్వబోయాను. తీసుకోలేదు. ఇంట్లోకి పోయి ఒక పొట్టి పీట తెచ్చుకొని నా పక్కన వేసుకొని కూర్చున్నాడు. "బండి నీదా నాదా? నువ్వే చెయ్యి. నేను చూస్తాండా" అన్నాడు. అదీ ఓబులేశప్ప పద్ధతి. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రీషియనుగా చేసి దిగిపోయాక, ఆయన ఎవరి బండి మీదా చెయ్యి వెయ్యలేదు. పీట మీద కూర్చొని చెప్పేవాడు, బండి గలవాడు చెయ్యాలి. దారి మధ్యలో దీపాలారిపోతే తాను వచ్చి చూస్తాడా, తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో నడిపేవాడికి తెలియాలి అనేవాడు. ఆయన భార్య లక్ష్మమ్మ వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ ఇచ్చేది.

ఆ సందులో నేను నేర్చుకున్నవి ఎక్కువేమీ కాదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నల్ల తీగ విప్పడం. రేకులో రంధ్రం గుండా తీగ పోతుంటే, అంచు కోయకుండా దానికి రబ్బరు బుష్షు వేయడం. ఫ్యూజు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం. ఈ చివరిదాని మీద నాకు చాలా రోజులు గురి కుదరలేదు. రేడియో పాడవకుండా ఫ్యూజు అనుకొని దాన్ని రేడియో పక్కనే పెట్టాను. ఆయన చూశాడు.

"ఫ్యూజు ఆ డబ్బాను కాపాడేకి కాదబ్బా, తీగను కాపాడేకి. బ్యాటరీ కాడ జానెడు దూరంలో పెట్టు. నువ్వు ఈడ పెడితే ఆడి నుంచి ఈడి దాకా తీగంతా దిక్కులేనిదే."

అతుకు వేశాక లాగి చూడమనేవాడు. నేను మెల్లగా లాగితే ఒప్పుకునేవాడు కాదు. "నా మీద కోపం ఉన్నట్ల లాగు" అనేవాడు. అది ఊడకుండా నిలిస్తే జేబులోంచి ఎర్ర పట్టు పోగు తీసి అతుకు చుట్టూ తిప్పి ముడి వేసేవాడు. వేరేవాళ్ళ బండి మీద ఆయన చెయ్యి పడేది ఆ ఒక్కసారే. ఆయనది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. అన్నగారి పిల్లలు ఇంకా చీరలు నేసేవాళ్ళు, అక్కడినుంచి తెగిన పోగులు తెచ్చుకునేవాడు. డిపోలో మూడు షిఫ్టుల వాళ్ళు ఒకే బస్సు మీద పని చేస్తారు కాబట్టి, ఏ అతుకు చూసిందో ఏది చూడనిదో తర్వాత వచ్చేవాడికి తెలియడానికి ఆ అలవాటు మొదలుపెట్టాడట. నేత పనివాళ్ళు వేసే ముడి అది. చదునుగా పడుకొని ఉంటుంది, గోటికి తగలదు. హిందూపురం, ధర్మవరం టాక్సీల వాళ్ళు కూడా ఆ పోగు కోసం వచ్చేవాళ్ళు. బండి అమ్మేటప్పుడు బానెట్ ఎత్తి ఎర్ర పోగులు చూపించేవాళ్ళు.

మా అక్క మొగుడు గంగాధర్‌ది చిలమత్తూరు. టాక్సీ నడిపేవాడు. నేను రెండేళ్ళుగా ఓబులేశప్ప దగ్గర నేర్చుకున్నానని ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. బావ ఊరుకునేవాడు కాదు. "ఏమి బామ్మర్దీ, కలం పట్టుకోమంటే కటింగ్ ప్లేరు పట్టుకుంటివే. మీ ఆఫీసులో ఫ్యాను తిరగతాండాదా ముందు?" అనేవాడు. అయినా పెద్ద స్పీకర్లూ, వాటికి బలమిచ్చే యాంప్లిఫయరూ తెచ్చి నా ముందు పెట్టాడు. ధర్మవరానికి పెండ్లి చీరలు కొనడానికి ఒక కుటుంబాన్ని తీసుకుపోవాలి, వాళ్ళు పాటలుండాలన్నారు. మర్నాడే ప్రయాణం. ఓబులేశప్ప ఆ రోజే ధర్మవరంలో అన్నగారింటికి పోతున్నాడు, గురువారం గానీ రాడు.

"ఆయప్ప పోగు లేకుంటే వద్దులే రామాంజీ. ఇంకోతూరి చూస్తాం" అన్నాడు బావ.

నేను ఒప్పుకోలేదు. ఆయన ఆ ఉదయం ఇంకా బయలుదేరి ఉండడు, ఆయనకు చూపించి తెస్తానని బండి తీసుకొని పోయాను. ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు. తీగ అంతా నేనే లాగాను. ఇంజను నుంచి లోపలికి పోయే రంధ్రానికి సరిపడే బుష్షు దొరకలేదు, టేపు చుట్టాను. ఫ్యూజు సెట్టుతో పాటు వచ్చింది, దాని తీగ పొట్టిది. వెనక డిక్కీలో యాంప్లిఫయరు పక్కన అమరినచోటే పెట్టాను. గురువారం ఆయన వచ్చాక సరిచేద్దాం, అందాకా ఒక్క ప్రయాణమే గదా అనుకున్నాను. నాకు తెలియక చేసింది ఒక్కటీ లేదు. నా దగ్గర ఆయన పోగు ఒకటి ఉండేది, పాత అతుకు విప్పినప్పుడు దాచుకున్నది. దాన్ని డిక్కీలో అతుకు మీద కట్టాను. బావకు చూపించి, "మామ చూసినాడు" అన్నాను. ఓబులేశప్పను నేను మామా అనే పిలిచేవాణ్ణి.

మర్నాడు పెనుకొండ దాటి ధర్మవరం దగ్గరికి పోతుండగా, డ్యాష్‌బోర్డు కింద పొగ లేచింది. రేకు అంచు టేపును కోసి తీగను తాకింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు కాబట్టి ఆపేది ఏదీ లేకపోయింది. బావ అందరినీ దింపి, మంట చూసి, మండుతున్న తీగను చేత్తో పట్టి పీకేశాడు. ఎవరికీ ప్రాణం మీదకు రాలేదు. బావ కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. స్టీరింగు పట్టి బతికే మనిషికి అది చిన్న దెబ్బ కాదు.

కబురందుకొని నేను ధర్మవరం షెడ్డుకు చేరేసరికి బావ చేతికి కట్టు కట్టించుకొని బల్ల మీద కూర్చున్నాడు. కారు ముందు భాగం నల్లగా కాలింది. డిక్కీ చెక్కుచెదరలేదు. మెకానిక్కు డిక్కీ ఎత్తి, "ఎర్ర పోగుంది చూడండప్పా. ఓబులేశప్ప చూసిన బండే" అన్నాడు. ఓబులేశప్ప ఊళ్ళోనే ఉన్నాడని ఎవరో పోయి పిలుచుకొచ్చారు. ఆయన వచ్చి ముందు బావ చెయ్యి చూశాడు. తర్వాత డిక్కీ దగ్గరికి పోయి ఆ ముడిని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. నేను వేసింది బూట్ల లేసుకు వేసే ముడి. ఉబ్బుగా ఉంది. ఆయన వేళ్ళు దాని మీద ఆగిపోవడం నేను చూశాను.

బావ అన్నాడు: "నీ పోగు నమ్మి గదా ఓబులేశప్పా, నేను జనాన్ని ఎక్కించుకున్నింది."

ఆయన ముడి వదిలేశాడు. నా వైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగాడు. "రామాంజీ, ఈ తీగ గురించి నువ్వు ఏమన్నా చెప్పేది ఉండాదా?"

మా అక్క చిలమత్తూరు నుంచి బస్సులో వస్తోంది. బావ నా ముఖం చూస్తున్నాడు. "లేదు మామా" అన్నాను.

"పోగు మా ఇంట్లోదే" అన్నాడు ఓబులేశప్ప. నడిచి వెళ్ళిపోయాడు. ఆ షెడ్డు చుట్టూ నిలబడినవాళ్ళలో సగం మంది నేత ఎరిగినవాళ్ళు. ఆ ముడి చూపించి ఇది నాది కాదంటే ఒక్క మాటతో తేలిపోయేది. ఆయన అబద్ధం చెప్పలేదు, నన్ను పట్టివ్వనూ లేదు. మాట్లాడే చోటు నాకు వదిలాడు. నేను దాన్ని వాడుకోలేదు.

ఆ సంగతి టాక్సీల వాళ్ళ నోట ఊరూరా పాకింది, సందులోకి బండ్లు రావడం ఆగిపోయింది. నేను రెండుసార్లు వెళ్ళాను. మజ్జిగ ఇచ్చారు. ఆయన వానల గురించి, వేరుశనగ గురించి మాట్లాడాడు. నా కారు ఎట్లుందని అడిగాడు. అంత మామూలుగా ఉండటం భరించలేక వెళ్ళడం మానేశాను. కొన్నేళ్ళకు హిందూపురానికి బదిలీ అయింది. ఆయన పోయినప్పుడు వెళ్ళి, జనంలో వెనకగా నిలబడి వచ్చాను. బావ రాలేదు.

అంగడి నుంచి ఆ రోజు నేరుగా బావ ఇంటికే వెళ్ళాను. ఇప్పుడు ఆయన టాక్సీ నడపడం లేదు, హిందూపురంలోనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. కూర్చోకుండానే చెప్పాను. తీగ ఓబులేశప్ప చూడలేదు, పోగు నేనే కట్టాను అని. బావ తన చేతి వంక చూసుకున్నాడు. చెయ్యి గురించి తిడతాడనుకున్నాను.

"పెనుకొండ బస్టాండులో ఒకతూరి ఆయప్ప నా ముందరికొచ్చి నిలబడె" అన్నాడు చివరికి. "చెయ్యి ఎట్లుండాది గంగాధరా అని అడిగె. నేను మొగం తిప్పుకొని పోతి. చెయ్యి పోతే పోనీలేరా. ఆ మొగం తిప్పుకుంటి చూడు, అది నువ్వు నాతో చేయించింది."

ఇద్దరం పెనుకొండ వెళ్ళాం. లక్ష్మమ్మ అరుగు మీద చాటలో వేరుశనగ విత్తనాలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది. నేను చెప్పింది చెయ్యి ఆపకుండా విన్నది.

"ఆ పొద్దే ఇంటికొచ్చి నాకు చెప్పినాడు, ముడి నాది కాదని" అన్నది. "ఊరంతా తిరిగి నేను చెప్తానంటి. వద్దు, రామాంజి వచ్చి చెప్తాడు, అనె. పోయేదాకా అదే మాట. నేనైతే నమ్మలేదు."

బావ అరుగు కింద నిలబడి తల ఎత్తలేదు. ఆమె ఆయనను కూర్చోమన్నది. నన్ను అడిగింది: "ఇంకెవురికి చెప్పినావు?"

"మా బావకు ఒక్కనికే అత్తా."

"చాల్దప్పా" అన్నది. గొంతులో కోపం లేదు. "నువ్వు నాకు చెప్పేదేముంది? తెలీనోళ్ళు యాడుండారో ఆడికి పోయి చెప్పు."

అప్పటినుంచి చెబుతున్నాను. అంగడిలోని మెకానిక్కుకు చెప్పాను, అతని మేస్త్రీకి ఫోనులో చెప్పాను. పెనుకొండ టాక్సీ స్టాండులో చెబితే కుర్ర డ్రైవర్లు "ఆయప్ప ఎవరు సార్?" అన్నారు. పీట సంగతి, మజ్జిగ సంగతి, ఇనుము తెల్లబడేదాకా గీకించడం, అన్నీ చెప్పి ఆయనను వాళ్ళ ముందు నిలబెట్టాక గానీ, ఆయన తప్పు చేయలేదన్న మాటకు అర్థం రాలేదు. ఒకతను మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. ఒకతను చివరిదాకా విని, "అయితే మీరు భలే మనిషి సార్" అన్నాడు. అది పొగడ్త కాదు. ధర్మవరం షెడ్డుకు ఇంకా పోలేదు. వచ్చే ఆదివారం బావా నేనూ పోతున్నాం. అక్కడ చెప్పి వచ్చినా, చాలదని ఆమె అన్న మాటే నిజమవుతుందని నాకు తెలుసు. నమ్మి ఎదురుచూసిన మనిషికి నేను చెప్పలేకపోయాను. మిగిలినవాళ్ళు ఎంతమంది విన్నా ఆ లెక్క నిండదు. అయినా ఎక్కడ బానెట్ ఎత్తి ఉన్నా ఆగి, నా పేరు చెప్పి మొదలుపెడతాను.